వేలం ఇల్లు కొనే ముందు తాళం ఎవరిదో చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు సేవా సంఘాల సమావేశాల్లో ఈమధ్య ఒక ఆలోచన నలుగుతోంది. బ్యాంకులు వేలం వేసే ఇళ్లను సంఘం పేరున కొని, బాగుచేయించి, నిలువ నీడ లేనివాళ్లకు నామమాత్రపు అద్దెకు ఇద్దామని. ప్రభుత్వ రంగ బ్యాంకులే కదా, సేవా సంస్థ అంటే ధర తగ్గించకపోతారా అన్న ఆశ దాని వెనుక ఉంది. అమెరికాలో తగ్గిస్తారట అని ఎవరో ఒకరు అందుకుంటారు. ఆలోచనలో తప్పు లేదు, ఆశలోనే ఉంది. వేలం కాగితాలతో, రిజిస్ట్రారు ఆఫీసు పనులతో రోజూ మెలిగేవాళ్లం కనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

అమెరికా మాట ముందు తేల్చేద్దాం. అక్కడ గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖను పొట్టిగా హడ్ అంటారు. కొన్ని ఇంటి అప్పులకు దాని బీమా ఉంటుంది. అప్పు మునిగితే బీమా సొమ్ము అప్పిచ్చినవాడికి ముడుతుంది, ఇల్లు హడ్ చేతికి వస్తుంది. అంటే ఆ ఇంటికి ప్రభుత్వమే సొంతదారు. తన ఇల్లు కనుక ఎవరికి ఎంతకు అమ్మాలో తానే చెప్పుకోగలదు. ముందుగా ఆమోదం పొందిన లాభాపేక్ష లేని సంస్థలకు 10 శాతం, కొత్త ప్రాణం పోయాలని గుర్తించిన పేటల్లో 30 శాతం దాకా తగ్గిస్తుంది. సొంతంగా కాపురముండేవాళ్లను, సంస్థలను, స్థానిక ప్రభుత్వాలను కొన్నాళ్లు ముందుగా పాడనిచ్చి, పెట్టుబడిదారులను ఆ తర్వాతే రానిస్తుంది. ఆరు నెలలు దాటినా పోని ఇళ్లను ఊరి ప్రభుత్వానికి ఒక్క డాలరుకే ఇచ్చే పథకం కూడా పెట్టింది. పెద్ద రాయితీతో కొన్న సంస్థ తిరిగి అమ్మేటప్పుడు తనకైన నికర ఖర్చులో 110 శాతం మించకూడదు. ఇంత కట్టడి ఉన్నా, సేవా సంస్థ ముసుగులో ఇళ్లు తిప్పి లాభం చేసుకున్న వ్యాపారులు ఆ శాఖ తనిఖీల్లోనే బయటపడ్డారు.

మన దగ్గర బ్యాంకు ఇంటికి సొంతదారు కాదు, తాకట్టుదారు మాత్రమే. 2002 నాటి సర్ఫేసీ చట్టం బాకీదారు ఇల్లు అమ్మి బాకీ జమ చేసుకునే అధికారం ఇచ్చింది. మిగిలితే అతనికే తిరిగివ్వాలి, చాలకపోతే మిగతాది మళ్లీ అతని దగ్గరే వసూలు చేస్తారు. కాబట్టి సంఘానికి ధర తగ్గిస్తే ఆ తగ్గింపు బ్యాంకు జేబులోంచి రాదు, ఇల్లు పోగొట్టుకున్న మనిషి నెత్తిన పడుతుంది. సేవా సంస్థకు రాయితీ అనే గడి వేలం ఫారంలో లేకపోవడానికి కారణం ఇదే. సంఘమూ, స్థలాల వ్యాపారీ ఒకే వరుసలో నిలబడి పాడాలి.

ఇక నోటీసు చదవడం. ధర, తేదీ చూసి పక్కన పెట్టేస్తారు చాలామంది. అసలు సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది: ‘ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏది ఉంటే అదే’. ఇల్లు ఒరిగినా, కొలత తగ్గినా, లోపల మనుషులున్నా కొన్నవాడి పాలే అని దీని తాత్పర్యం. దాని కింద స్వాధీనం ఏ రకమో రాస్తారు. ‘సింబాలిక్’ అని ఉంటే బ్యాంకు అధికారి గోడకు కాగితం అంటించి, ఫొటో తీసుకుని, రెండు పత్రికల్లో ప్రకటన వేయించాడని మాత్రమే అర్థం. తాళం బాకీదారుదే. ‘ఫిజికల్’ అని ఉంటేనే తాళం బ్యాంకుది. ఈ ఒక్క మాటను బట్టి రెండేళ్ల తలనొప్పి ఉంటుందో లేదో తెలిసిపోతుంది.

సింబాలిక్ స్వాధీనంలో ఉన్న ఇంటిని ఖాళీ చేయించాలంటే చట్టం 14వ సెక్షను కింద బ్యాంకు కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. బరంపురం ఇల్లయినా కాగితం వెళ్లేది జిల్లా కేంద్రమైన ఛత్రపురానికే. 30 రోజుల్లో, కారణాలు రాస్తే మొత్తం 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఉత్తర్వు వచ్చాక మాత్రం తహసీల్దారుకు తీరిక కుదరాలి, పోలీసు బందోబస్తు దొరకాలి, ఇంట్లో మంచం పట్టిన ముసలాళ్లుంటే వాయిదా పడాలి. సొమ్ము పూర్తిగా చేతికందాక బ్యాంకుకూ ఆ హుషారు ఉండదు. తాకట్టుకు ముందునుంచే రిజిస్టరైన అద్దె ఒప్పందంతో ఉన్నవాళ్లుంటే ఖాళీ చేయించడం ఇంకా కష్టం. అందుకని మా సలహా ఒకటే. సంఘం డబ్బుతో సింబాలిక్ ఇల్లు పాడొద్దు. వ్యాపారి రెండేళ్లు ఆగగలడు. దాతల సొమ్ముకు ఏటా లెక్క చెప్పాల్సిన సంఘం ఆగలేదు. పైగా, పేదవాడికి నీడ ఇద్దామని బయలుదేరి ఇంకో పేద కుటుంబాన్ని పోలీసులతో బయటకు నెట్టించాల్సి వస్తుంది. సంఘం బోర్డు మీద ఏం రాసుకున్నామో ఆ రోజు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

డబ్బు గడువుల దగ్గర సంఘాలే ఎక్కువగా దెబ్బతింటాయి. ఉదాహరణకు రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, 16 లక్షలు, ధరావతు అందులో 10 శాతం అంటే 1,60,000. పాట 16,40,000 దగ్గర ఆగిందనుకుందాం. పాట ధరలో 25 శాతం, అంటే 4,10,000, ఆ రోజే లేదా మర్నాటి పనిదినంలోగా జమ కావాలి. ధరావతు పోను చేతినుంచి ఇంకా 2,50,000 పోయాలి. మిగతా 12,30,000 అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరుగుతుంది, అదీ మొత్తం మీద మూడు నెలలు దాటకూడదు. కట్టలేకపోతే కట్టిన 25 శాతం పోతుంది. అంత కఠినమా అని కోర్టుకెక్కినవాళ్లకు 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జప్తు సరైనదేనని చెప్పింది. రాత్రి పాట గెలిచి, పొద్దున్న కార్యవర్గ సమావేశానికి నోటీసు ఇచ్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. పాటకు ముందే తీర్మానం ఉండాలి. అందులో గరిష్ఠంగా ఎంతవరకు పాడవచ్చో అంకె ఉండాలి, ఆ అంకెకు సరిపడా సొమ్ము దాతల నోటిమాటగా కాకుండా సంఘం ఖాతాలో ఉండాలి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. ఈ ఇంటికి ఆ రెండూ కలిపి 1,14,800. ఆడవాళ్ల పేరున కొంటే స్టాంపు 4 శాతమే, కానీ ఆ ఒక్క శాతం కోసం అధ్యక్షురాలి పేరున కొన్నారంటే ఇల్లు ఆవిడదవుతుంది, సంఘానిది కాదు.

పేరు సంగతి వచ్చింది కనుక చెబుతాం, ఎక్కువమంది బోర్లాపడేది ఇక్కడే. ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలాలు 2025 జనవరి నుంచి బ్యాంక్‌నెట్ అనే పోర్టల్‌లో నడుస్తున్నాయి. కార్యదర్శి గారు తొందరలో తన పాన్‌తో, తన ఫోను నంబరుతో పేరు నమోదు చేసేస్తారు. పాట గెలిచాక బ్యాంకు ఇచ్చే అమ్మకం పత్రం, అంటే సేల్ సర్టిఫికెట్ కూడా ఆయన పేరునే వస్తుంది. పాడినవారి పేరు మార్చి సంఘం పేరు వేయమంటే బ్యాంకు ఒప్పుకోదు. ఆయన మళ్లీ సంఘానికి రాసివ్వాలంటే ఇంకో స్టాంపు డ్యూటీ. ఈలోగా ఆయనకేమైనా అయితే వారసులందరి సంతకాలూ కావాలి. కాబట్టి సంఘం పాన్, నమోదు పత్రం, నియమావళి, తీర్మానం నకలు పెట్టి సంఘం పేరుతోనే నమోదు చేయాలి. కార్యదర్శి ప్రతినిధిగా మాత్రమే ఉండాలి. ఇల్లు కొని అద్దెకివ్వడం నియమావళిలోని ఆశయాల్లో లేకపోతే ముందు ఆ సవరణ చేయించాలి, ఆదాయపు పన్ను మినహాయింపు దాని మీదే ఆధారపడుతుంది. విదేశీ విరాళం ఒక్క రూపాయి కలిసినా ఆస్తి సంఘం పేరున తప్ప ఎవరి పేరునా ఉండకూడదు.

ఇప్పుడు భూమి కాగితం. ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కులున్నాయి. నోటీసులో మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు, ప్లాటు నంబరు, డిసిమిల్లలో విస్తీర్ణం ఇస్తారు. డిసిమిల్ అంటే మన సెంటే, 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. ఆ నంబరుతో ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో పట్టా తీసి చూడాలి. కిసమ్, అంటే భూమి రకం గడిలో ‘ఘరబారి’ అని ఉంటే ఇంటి స్థలం. ‘శారద’ అని ఉంటే వరి మడి, దాని మీద మేడ లేచినా కాగితంలో అది పొలమే. సాగుభూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు. ఆ ఒక్క పాయింటు పట్టుకుని బాకీదారు కటక్‌లోని డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కు వెళితే వేలం మొత్తం ఎగిరిపోయే ప్రమాదం ఉంది. వెళ్లడానికి అతనికి 45 రోజుల గడువుంది, చాలా కేసుల్లో వెళతాడు కూడా. పాటకు ముందు రోజు డీఆర్‌టీ వెబ్‌సైట్‌లో బాకీదారు పేరుతో, జామీనుదారు పేరుతో ఒకసారి వెతకడానికి పావుగంట చాలు.

అదే పట్టాలో రైతు, అంటే భూమి హక్కుదారు పేరు పక్కన తండ్రి పేరు, జాతి, నివాసం ఉంటాయి. రాయగడ, కొరాపుట్, నబరంగపూర్, మల్కనగిరి జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమే. అంటే జయపురం, గుణుపురం, రాయగడ పట్టణాల్లోని ఇళ్లు కూడా. గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులు, ఆర్. ఉదయగిరి వైపు ఆ కిందికి వస్తాయి. ఈ రాయగడ బ్లాకు వేరు, ఆ రాయగడ జిల్లా వేరు, కాగితాల్లో తికమక పడకండి. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఈ ప్రాంతాల్లో గిరిజనుల భూమి అనుమతి లేకుండా గిరిజనేతరులకు పోతే చెల్లదు. 2002 సెప్టెంబరు 4 నుంచి అనుమతి తీసుకుని కొనే దారి కూడా మూసేశారు. నలభై ఏళ్ల క్రితం ఎవరో అనుమతి లేకుండా కొన్న స్థలం మూడు చేతులు మారి, ఒకాయన మేడ కట్టి, బ్యాంకులో తాకట్టు పెట్టి, అది వేలానికి వచ్చినా ఆ మొదటి లోపం మాసిపోదు. సబ్-కలెక్టరు విచారించి భూమిని గిరిజన కుటుంబానికి తిరిగి అప్పగించవచ్చు. అందుకని ఇప్పటి పట్టా ఒక్కటే చాలదు. పాత సెటిల్మెంటు పట్టా, అంటే ‘సాబిక్’ కూడా తీయించి, అందులో జాతి గడి చూడాలి. షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా ఎస్సీ, ఎస్టీల భూమి ఇతరులకు మారాలంటే 1960 నాటి భూసంస్కరణల చట్టం 22వ సెక్షను కింద రెవెన్యూ అధికారి అనుమతి ఉండి తీరాలి.

పట్టాలో పేరు చోట దేవుడి పేరు, పక్కన ‘మార్ఫత్‌దారు’ అని ఫలానా మనిషి పేరు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. భూమి దేవుడిది, ఆ మనిషి చూసుకునేవాడు మాత్రమే. ఎండోమెంట్సు కమిషనరు అనుమతి లేకుండా దాన్ని తాకట్టు పెట్టడానికి అతనికి హక్కే లేదు.

తెలుగు కుటుంబాల ఇళ్లలో ఇంకొకటి చూస్తుంటాం. తండ్రి పోయాక అన్నదమ్ములు తెల్లకాగితం మీద తెలుగులో పంపకాలు రాసుకుంటారు, రిజిస్టరు చేయించరు. పట్టా పెద్దవాడి పేరునే ఉండిపోతుంది, ఆయన ఇల్లంతా తాకట్టు పెడతాడు. వీధికి ఎదురుగా రెండు గదుల వెడల్పు, వెనక్కి రైలు పెట్టెలా పోయే పాతకాలపు ఇల్లు, అటూ ఇటూ ఉమ్మడి గోడలు. ముందు వాటాలో అన్న, పెరటి వాటాలో తమ్ముడు. వేలం నోటీసు పడ్డాక తమ్ముడు సివిల్ కోర్టులో భాగం దావా వేస్తాడు. రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఇదేమీ కనబడదు. కాబట్టి ఇల్లు చూసే రోజు కరెంటు మీటర్లు లెక్కపెట్టండి. ఒక పట్టా, రెండు మీటర్లు, రెండు పొయ్యిలు అంటే లోపల పంపకం జరిగిందన్నమాటే. ఇక 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక పాత దస్తావేజులు తెలుగులో తగలడం మామూలే. కటక్ నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చిన బ్యాంకు ప్యానెల్ లాయరుకు అవి చదవడం రాదు. ‘పాత పత్రం పరిశీలించబడినది’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. ఇల్లు కొనే తెలుగు సంఘానికి ఉన్న ఒకే ఒక్క సదుపాయం ఇదే, మనకు ఆ లిపి వచ్చు. నకలు అడిగి తీసుకుని కూర్చుని చదవండి.

హద్దుల దగ్గర నోటీసు తప్పులు సర్వసాధారణం. ఉత్తరం రోడ్డు అని ఉంటుంది, వెళ్లి చూస్తే రోడ్డు తూర్పున ఉంటుంది. వాల్యూయరు పాత దస్తావేజులోంచి హద్దులు ఎత్తి రాయడం దీనికి కారణం. దాన్ని చిన్న అచ్చుతప్పుగా కొట్టిపారేయకూడదు. సేల్ సర్టిఫికెట్‌లోనూ అదే తప్పు దిగుతుంది, తహసీల్లో మ్యుటేషన్, అంటే పట్టాలో పేరు మార్పు దగ్గర ఆగుతుంది. పాటకు ముందే వేలం నడిపే బ్యాంకు అధీకృత అధికారికి రాసి సవరణ ప్రకటన అడగాలి. వీలైతే అమీను (సర్వేయరు) చేత కొలిపించుకోవాలి.

ఇంటి లోపలికి టేపు, టార్చి, చిన్న సుత్తి తీసుకెళ్లండి. రెండు మూడు వానాకాలాలు మూసి ఉన్న ఇల్లు, అందులోనూ 2013 ఫైలిన్, 2018 తిత్లీ తిన్న ఇల్లు, పైకి కనిపించేంత గట్టిగా ఉండదు. స్లాబు అడుగున సుత్తితో తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు, డొల్ల శబ్దం వస్తే లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బి సిమెంటును నెట్టేస్తోందని అర్థం. పెచ్చులు రాలిన చోట కడ్డీ సన్నబడి ఉంటే పైపూత పూయించడం దండగ, అక్కడ స్లాబు పనే ఉంటుంది. గోపాలపురం వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా వస్తుంది. తలుపు చట్రాల అడుగు భాగం గోటితో నొక్కితే లోపలికి దిగిందా, చెదలు. బోరు మోటారు, మీటరు, వైరింగు ఉన్నాయనుకోకండి. తాళం వేసిన ఇంట్లోంచి మొదట మాయమయ్యేవి అవే.

పాత బకాయిలు మరో పోటు. కరెంటు బిల్లు బాకీదారుది కదా అనుకుంటారు. ఇలా ‘ఎలా ఉన్నది అలాగే’ కొన్న ఆస్తి మీద పాత కరెంటు బకాయిని, నిబంధనలు అనుమతిస్తే, కొత్త యజమాని దగ్గర వసూలు చేయవచ్చని సుప్రీంకోర్టు 2023 మేలో తేల్చింది. కన్జ్యూమరు నంబరు పట్టుకుని విద్యుత్ కార్యాలయంలో బకాయి అడగండి. నగరపాలక సంస్థలో హోల్డింగు పన్ను కూడా అంతే. ఆస్తి మీద ఉన్న అప్పులు, బకాయిల్లో బ్యాంకుకు తెలిసినవాటిని సేల్ సర్టిఫికెట్‌లో చూపాలని రూలుంది, తెలియనివాటికి బ్యాంకు పూచీ ఉండదు.

ఇంతా చెప్పాక, సంఘాలకు నిజంగా అనువైన దారి ఒకటుంది. సర్ఫేసీ రూల్సులో వేలంతోపాటు ప్రైవేటు ఒప్పందంతో అమ్మే పద్ధతి కూడా ఉంది. రెండుసార్లు వేలం వేసినా ఎవరూ రాని ఇల్లు బ్యాంకుకు భారం. తాళం బ్యాంకుదై, పాటదారు లేని ఇంటికి సంఘం రాతపూర్వకంగా ధర చెప్పవచ్చు. ఒప్పందం షరతులన్నీ కాగితం మీద ఉండాలి, బాకీదారు సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి లేని ప్రైవేటు అమ్మకం తర్వాత కోర్టులో నిలవడం కష్టం. బాకీదారుతో నేరుగా మాట్లాడితే అతను తరచు ఒప్పుకుంటాడు, ఎందుకంటే మూడో వేలంలో రిజర్వు ధర ఇంకా పడిపోతే మిగిలే బాకీ అతనిదే. పాట హడావిడి లేదు, 25 శాతం పరుగు లేదు, కార్యవర్గం కూర్చుని నిదానంగా ఆలోచించుకోవచ్చు. ఇల్లు చేతికొచ్చాక ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని గుర్తుంచుకోండి. 11 నెలల ఒప్పందాలు అందుకే పుట్టాయి.

అసలు మా మాట వినే సంఘాలకైతే వేలం దాకా ఆగవద్దంటాం. కిస్తీ 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆ తర్వాత 60 రోజుల నోటీసు వస్తుంది. దానికి బాకీదారు అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి, ఆ కాగితం రాయగలిగిన మనిషి ఒక్కరున్నా చాలు. నెలకు 14,000 కిస్తీ, మూడు నెలలు తప్పాయనుకుంటే జరిమానా రుసుములు కాక 42,000. బకాయి పూర్తిగా తీరిస్తేనే ఖాతా మళ్లీ మామూలవుతుంది, సగం కడితే కాదు. పైన లెక్క వేసిన ఇంటికి స్టాంపుతో కలిపి 17,54,800 అయింది. ఆ సొమ్ముతో అలాంటి కుటుంబాలను నలభై దాకా నిలబెట్టవచ్చు. సంపాదన శాశ్వతంగా పోయిన ఇంటికి ఈ మందు పనిచేయదు, నిజమే. జబ్బువల్లో, సూరత్‌లో పనికి వెళ్లినవాళ్ల నుంచి డబ్బు రెండు నెలలు రాకపోవడంవల్లో తప్పిన ఇంటికి పనిచేస్తుంది. బాకీ మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన అచ్చయ్యేదాకానే. ప్రకటన వచ్చాక ఆ హక్కు ఉండదని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘మీరు పాడి మాకే తిరిగి ఇవ్వండి’ అని ఏడుస్తూ వచ్చేవాళ్లు చాలావరకు ఆ తేదీ దాటాకే వస్తారు.

వాళ్లు ఆలస్యంగా రావడానికి భాష ఒక కారణం. ప్రకటన రెండు పత్రికల్లో వేయాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి అని రూలు. ఇక్కడ అది ఒడియాలో వస్తుంది, తప్పు పట్టలేం. కానీ బరంపురం పాత వీధుల్లో, పర్లాకిమిడిలో తెలుగు తప్ప చదవడం రాని పెద్దవాళ్ల ఇళ్లకూ అదే కాగితం అంటిస్తున్నారు. బ్యాంకు శాఖలు 60 రోజుల నోటీసుతో పాటు ఒక పేజీ తెలుగు సారం ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. బాకీ ఎంత, ఏ తేదీలోగా ఏమి కడితే ఏమవుతుంది, అభ్యంతరం ఎవరికి రాయాలి, డీఆర్‌టీ గడువెంత, ఇల్లు విడిపించుకునే చివరి రోజు ఏది. ఇంతే. పేర్లు, అంకెలు మార్చుకునేలా నమూనా మేం తయారుచేసి ఇస్తాం. గోడ మీద ఒడియా కాగితం పక్కన ఇంకో కాగితానికి చోటు ఉంటుంది.

ఇట్లు
వేలం కాగితాల పని, దస్తావేజుల పని తెలిసిన కొందరు పాఠకులు
బరంపురం, గంజాం జిల్లా